మాడు మంటకి సల్ఫేట్ లేని షాంపూ: డబ్బు దండగా, అవసరమా?

రాయగడ నుంచి:
మా పాపకి పన్నెండేళ్ళు. తలంటిన సాయంత్రానికే మాడు ఎర్రబడుతుంది. చెవుల వెనక, మెడ మీద గోళ్ళ గీతలు పడుతున్నాయి. నిద్రలో కూడా గోకేస్తోంది. ఇక్కడ ఫ్యాన్సీ షాపులో సల్ఫేట్ లేని షాంపూ చూపించారు. ధర మామూలు సీసాకి రెండింతల పైనే. మా అత్తగారేమో ఆ డబ్బు దండగ, సంతలో సీకాయ తెచ్చి రుద్దు అంటున్నారు. మాది బోరు నీళ్ళు, నురగ సరిగా రాదు. ఎవరి మాట వినాలి?

పర్లాకిమిడి ఫ్యాన్సీ షాపు:
డబ్బు పెట్టండి చెల్లెమ్మా. షాంపూలో నురగ తెచ్చి మురికి వదలగొట్టే సోడియం లారిల్ సల్ఫేట్ అంటే ఏమిటనుకున్నారు? చర్మం మీద పరిశోధన చేసేవాళ్ళు కావాలని మంట తెప్పించాలంటే ఎంచుకునేది దాన్నే. జిడ్డుతో పాటు మాడుకి కావలసిన నూనె కూడా లాగేస్తుంది. పాతపట్నం వైపు నుంచి కూడా నా దగ్గరికి వస్తారు. సల్ఫేట్ లేనిది ఒకసారి తీసుకెళ్ళినవాళ్ళు మళ్ళీ అదే అడుగుతున్నారు. నురగ తక్కువని మొదట గొణుగుతారు, తర్వాత అలవాటు పడిపోతారు.

గుణుపురం నుంచి:
అమ్మా, మీ అత్తగారి మాట తీసిపారెయ్యకు. మాకు కొండ మీద నుంచి సంతకి సీకాయ, కుంకుళ్ళు వస్తాయి. మా ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలూ వాటితోనే పెరిగారు. తేడా అంతా చేసే పద్ధతిలో ఉంది. కుంకుళ్ళు గింజ తీసి నలగ్గొట్టి, రాత్రి వేడినీళ్ళలో నానెయ్యాలి. పొద్దున్న బాగా పిసికి పలచటి గుడ్డలో వడకట్టాలి. వడకట్టకుండా పోస్తే పిప్పి జుట్టు మొదళ్ళలో ఇరుక్కుని అదే దురద పెడుతుంది. ప్యాకెట్ పొడి వద్దు, అందులో ఏం కలుపుతారో మనకి తెలీదు.

బరంపురం మందుల షాపు:
ముందు ఒక మాట. బడికి వెళ్ళే ఆడపిల్లకి చెవుల వెనకా మెడ మీదా దురద అంటే షాంపూ కంటే ముందు పేలు, ఈపులు చూడాలి. తల తడిపి, జుట్టు పాయలుగా తీసి, వెలుతురులో పేల దువ్వెనతో మొదలు నుంచి చివర దాకా దువ్వండి. చుండ్రు పొట్టు విదిలిస్తే రాలుతుంది, ఈపి వెంట్రుకని పట్టుకుని కదలదు. ఉంటే మీరు ఏ షాంపూ కొన్నా ఉపయోగం లేదు.

పేలు లేవనుకుందాం. పర్లాకిమిడి అన్నయ్య చెప్పిన లారిల్ సల్ఫేట్ సంగతి నిజమే. కానీ ఇప్పుడు ఎక్కువ షాంపూల్లో ఉండేది లారెత్ సల్ఫేట్, అది దానికంటే మెత్తన. సీసా మీద 'సల్ఫేట్ ఫ్రీ' అని ఉన్నంత మాత్రాన సున్నితమని నమ్మకూడదు. కొన్నిట్లో సల్ఫేట్ తీసేసి ఒలెఫిన్ సల్ఫొనేట్ అనే వేరే నురగ పదార్థం వేస్తారు. పేరుకి సల్ఫేట్ కాదు, కడగడంలో మాత్రం గట్టిదే. సున్నితమైనవని చెప్పే కోకమిడోప్రొపైల్ బెటైన్, గ్లూకోసైడ్‌లు అనే నురగ పదార్థాలు కూడా కొందరికి పడవు. చర్మ అలర్జీలు చూసే డాక్టర్ల సంఘం అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ ఏటా ఒక అలర్జీ పదార్థాన్ని ఎంచి ప్రకటిస్తుంది. 2004లో బెటైన్‌నీ, 2017లో గ్లూకోసైడ్‌లనీ ప్రకటించింది. మధ్యలో 2013లో ప్రకటించింది మిథైల్ఐసోథయాజొలినోన్, అంటే షాంపూ పాడవకుండా కలిపే పదార్థం. ఇది సల్ఫేట్ ఉన్న షాంపూలోనూ ఉండొచ్చు, లేనిదాంట్లోనూ ఉండొచ్చు.

నా లెక్కలో సల్ఫేట్ కంటే ముందు అనుమానించాల్సింది సువాసన. సీసా వెనక 'పర్ఫ్యూమ్' లేదా 'ఫ్రేగ్రెన్స్' అన్న ఒక్క మాట కింద చాలా రసాయనాలు ఉంటాయి. పిల్ల కోసం కొనేటప్పుడు ముందు ఆ మాట లేనిది వెతకండి. అది దొరికాక సల్ఫేట్ లేకపోతే మంచిదే.

గుణుపురం అమ్మగారూ, కుంకుళ్ళలో నురగ తెచ్చే సాపోనిన్ కూడా మురికిని వదలగొట్టేదే. కంట్లో పడితే ఎలా మండుతుందో మీకు తెలుసు. కాయ చెట్టుకి కాసినంత మాత్రాన గీరుకుపోయిన మాడుకి మెత్తన అనుకోలేం.

రాయగడ నుంచి:
నిన్న దువ్వి చూశాను, పేలు లేవు. మేం సీసా కొనం, సాషేలే. కొట్లో ఏది ఉంటే అది. వాటి వెనక చూస్తే ఈ పదార్థాల పేర్లు ఏవీ లేవు.

బరంపురం మందుల షాపు:
ఉండవు. మన కాస్మెటిక్స్ నిబంధనల్లో ద్రవాలకి 60 మిల్లీలీటర్ల లోపు ప్యాకెట్ అయితే ఆ జాబితా వేయనక్కర్లేదని మినహాయింపు ఉంది. చిన్న ఊళ్ళలో ఎక్కువమంది వాడేది సాషేనే, దాని మీదే వివరం లేకపోవడం నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది. వారానికో రకం మారిస్తే ఏది పడలేదో డాక్టరు కూడా చెప్పలేరు. కనీసం ఒక సీసా కొని దాని మీదే ఉండండి.

పర్లాకిమిడి ఫ్యాన్సీ షాపు:
సువాసన లేనిది అడిగితే మా దగ్గర దొరకదు, డిస్ట్రిబ్యూటర్ తేడు. మీ మందుల షాపుల్లో ఉంటుంది, దాని ధర ఇంకా ఎక్కువ. సాషే కొనే ఇంటికి ఆ సలహా ఎలా ఇస్తారండీ? నేను చూపించేది ఆ సాషే కంటే నయమే కదా. సల్ఫేట్ మానేశాక మంట తగ్గిందని చెప్పేవాళ్ళని నేను రోజూ చూస్తున్నాను.

బరంపురం మందుల షాపు:
కొందరికి తగ్గుతుంది, కాదనను. మాడు పొడిబారి, తలంటగానే మండేవాళ్ళకి తేడా తెలుస్తుంది. చుండ్రు వల్ల వచ్చే దురదకి మాత్రం అది మందు కాదు. చుండ్రుకి డాక్టర్లు రాసే కీటోకొనజోల్ అనే ఫంగస్ మందు కలిపిన షాంపూల్లో చాలావాటిలో లారెత్ సల్ఫేట్ ఉంటుంది, అయినా దురద తగ్గుతుంది. ధర మాట నిజం. అందుకే తలంటు వారానికి రెండుసార్లు చాలంటాను. షాంపూ మగ్గులో నీళ్ళు కలిపి పలచగా చేసి మాడుకే పట్టించి, బాగా కడిగెయ్యాలి. అలా చేస్తే సీసా చాలా రోజులొస్తుంది. ఒంటి సబ్బు మాత్రం తలకి వద్దు. బోరు నీళ్ళలోని కాల్షియంతో కలిసి తెట్టులా అంటుకుంటుంది.

గుణుపురం నుంచి:
షాంపూ ఏదైనా పెట్టుకోండి, తలకి నూనె మాత్రం మానిపించకండి. మాడు ఎండిపోయే కదా ఈ బాధంతా.

బరంపురం మందుల షాపు:
అక్కడే జాగ్రత్త కావాలమ్మా. పొట్టు జిడ్డుగా, పసుపుపచ్చగా ఉంటే అది చుండ్రు. దానికి కారణమైన మలసేజియా అనే ఫంగస్‌కి నూనెలోని కొవ్వే తిండి. రాత్రంతా నూనె పెట్టి జడ బిగిస్తే పెరుగుతుంది. పొట్టు సన్నగా, తెల్లగా, పొడిగా ఉంటే తలంటుకి గంట ముందు కొంచెం రాయొచ్చు.

రాయగడ నుంచి:
పొట్టు తెల్లగానే ఉంది. సువాసన లేని సీసా ఒకటి తెప్పిస్తున్నాను. నేరుగా తలకి పెట్టేయనా?

బరంపురం మందుల షాపు:
వద్దు. మోచేతి మడతలో రూపాయి బిళ్ళంత చోట రాసి, ఐదు నిమిషాలుంచి కడగండి. రోజుకి రెండుసార్లు, వారం నుంచి పది రోజులు. ఎర్రబడకపోతే తలకి వాడండి. ఆ పది రోజులూ తలకి సాషే వద్దు, అవసరమైతే ఉత్త నీళ్ళతో కడగండి. సీకాయ కూడా ఇప్పుడే మొదలుపెట్టకండి, రెండూ కలిస్తే ఏది పడిందో తెలీదు. రసి కారినా, జుట్టు గుండ్రంగా ఊడినా ఇవన్నీ ఆపి జిల్లా ఆసుపత్రిలో చూపించండి. గుండ్రంగా ఊడితే తామర కావచ్చు, దానికి నోటి మందు కావాలి.

గుణుపురం నుంచి:
సీసా పడకపోతే నాకు చెప్పమ్మా, మంచి సీకాయ పంపిస్తాను. దాన్నీ మోచేతి మీదే చూడు, నాకేం అభ్యంతరం లేదు.