ఆంప్ మీదుగా పెడితే బొమ్మ పోతోంది: తప్పు ఆంప్‌దా, వైరుదా?

లంక_కొబ్బరి (అమలాపురం దగ్గర)
అందరికీ నమస్కారమండీ. మా హాల్లో 65 అంగుళాల 4కె టీవీ. ఎదురు గోడ అలమరలో 2015 నాటి ఏవీ రిసీవర్ (బాక్సుల బొమ్మని టీవీకి, మాటని స్పీకర్లకి పంపే పెట్టె, మేం ఆంప్ అనే అంటాం), 5.1 స్పీకర్లు (ఐదు స్పీకర్లు, ఒక బాస్ పెట్టె). స్ట్రీమింగ్ బాక్సు, కేబుల్ వాళ్ల సెట్‌టాప్ బాక్సు రెండూ ఆంప్‌కి పెట్టాను. ఆంప్ నుంచి టీవీకి గోడలో పది మీటర్ల హెచ్‌డీఎంఐ వైరు ఒక్కటే. కేబుల్ చానళ్లు శుభ్రంగా వస్తున్నాయి. స్ట్రీమింగ్ బాక్సులో 4కె సినిమా పెడితే మాత్రం ఉన్నట్టుండి తెర నల్లబడిపోతుంది, రెండు మూడు సెకన్లకు మళ్లీ వస్తుంది. బాక్సు తీసుకెళ్లి దాని పొట్టి వైరుతో నేరుగా టీవీకి పెడితే ఏ ఇబ్బందీ లేదు. షాపు వాళ్లేమో ఆంప్ పాతదైపోయింది, మార్చేయండి అంటున్నారు. మార్చేయాలా?

సౌండ్_రావులపాలెం
మార్చాలి. నేను ఇదే పనిలో ఉన్నాను. 4కె సినిమాకి కాపీ కొట్టకుండా హెచ్‌డీసీపీ 2.2 అనే తాళం ఉంటుంది. బాక్సు, ఆంప్, టీవీ మూడింటి దగ్గరా దానికి సరిపడే తాళంచెవి ఉండాలి. మీది వచ్చిన రోజుల్లో కొన్ని ఆంప్‌లకి ఆ తాళంచెవి అసలు లేదు, కొన్నింటికి ఒకటి రెండు పోర్టులకే ఇచ్చారు. నేరుగా పెడితే వచ్చింది, ఆంప్ మధ్యలో ఉంటే పోయింది. ఇంక అనుమానం దేనికండీ?

లెక్కల_మాస్టారు (పాలకొల్లు)
అనుమానం ఎందుకో చెప్తాను. నేరుగా పెట్టినప్పుడు ఆయన తప్పించింది ఆంప్ ఒక్కదాన్నే కాదు, గోడలో పది మీటర్ల వైరునీ తప్పించాడు. ఒకేసారి రెండు మార్చి దోషం ఒకదాని మీద వేస్తే అది పరీక్ష ఎలా అవుతుంది? ఆంప్‌ని అలాగే ఉంచి వైరు మార్చి చూడాలి. లేదా వైరుని అలాగే ఉంచి ఆంప్ తీసేసి చూడాలి.

ఇంకోటి. ఆ పోర్టుకి 2.2 లేకపోతే 4కె అసలు రాదు. బాక్సు తనంతట తానే 1080కి (4కె కన్నా తక్కువ స్పష్టత) దిగిపోతుంది, లేదా తెర మీద హెచ్చరిక పడుతుంది. అరగంట శుభ్రంగా ఆడి, మూడు సెకన్లు పోయి, మళ్లీ రావడం తాళంచెవి లేని లక్షణం కాదు.

ఎర్త్_భీమవరం
ముందు ఎర్తింగ్ చూపించుకోండి. ఎవరూ అడగరు దీన్ని. టెస్టర్ తీసుకుని హెచ్‌డీఎంఐ వైరు కొస ఇనుప భాగానికి ఆనించండి. వెలిగిందంటే అంతే సంగతులు. మా ఇంట్లో కిందటి వానాకాలం పిడుగుకి టీవీ హెచ్‌డీఎంఐ పోర్టు మాడిపోయింది. కరెంటు ప్లగ్గులన్నీ పీకేసే ఉన్నాయి, అయినా పోయింది! వచ్చింది వీధిలోంచి వచ్చే కేబుల్ వైరులోంచి. మెకానిక్ మదర్‌బోర్డు మార్చాలని చెప్పిన రేటుకి కొత్త టీవీయే వచ్చేది.

నరసాపురం_లేసు
బొమ్మ పోయినప్పుడు స్పీకర్లలో మాట కూడా పోతోందా?

సౌండ్_రావులపాలెం
మాస్టారూ, పుస్తకం చదివి చెప్పడం వేరు, ఇళ్లల్లో చూడటం వేరు. సినిమా నడుస్తున్నంతసేపూ ఆ తాళం మధ్యమధ్యలో సరిచూసుకుంటూనే ఉంటుంది. పాత ఆంప్ అక్కడ తడబడితే వచ్చి పోవడమే జరుగుతుంది. మేం వేసేవన్నీ పెట్టె మీద 4కె అని రాసి ఉన్న వైర్లే.

లెక్కల_మాస్టారు
పెట్టె మీద రాత పట్టుకుని ఎంతకాలం లాగుతారు? 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 కూడా 4కె పంపేది, కానీ సెకనుకి 30 ఫ్రేములు. దానికి 10.2 గిగాబిట్ల దారి చాలు. 2013లో వచ్చిన 2.0తో 60 ఫ్రేములు, 18 గిగాబిట్లు. రెండు పెట్టెల మీదా ఉండేది 4కె అనే. 18కి పరీక్షించిన వైరైతే ప్రీమియం హై స్పీడ్ అని, ఫోన్‌తో స్కాన్ చేసుకునే లేబుల్ ఉంటుంది. మామూలు రాగి వైరు పొడుగయ్యే కొద్దీ ఆ లేబుల్ దొరకడం కష్టం. మొదట్లో నిండుగా ఉన్న సిగ్నల్ డెల్టా శివారు పొలానికి చేరే నీళ్లలా కొసకి వచ్చేసరికి సన్నబడిపోతుంది. కేబుల్ చానళ్లు బాగా రావడానికీ కారణం అదే. 1080 బొమ్మకి నాలుగున్నర గిగాబిట్లు చాలు.

లంక_కొబ్బరి గారూ, పైసా ఖర్చు లేని పని ఒకటి చేయండి. దేన్నీ కదపకుండా బాక్సు సెట్టింగ్స్‌లో 1080 పెట్టి అదే సినిమా చూడండి.

ఎర్త్_భీమవరం
నా మాట ఎవరూ పట్టించుకోలేదు. సముద్రం గాలికి పోర్టుల్లో పచ్చగా చిలుము పడుతుంది, అది కూడా చూడండి. మా బావగారిది అంతర్వేది పక్క. ఆయన టీవీ వెనక వైరు పీకితే పిన్నుల మీద పసుపు రంగన్నదే లేదు.

కాకినాడ_కాజా
చిలుముకీ పిడుగుకీ సంబంధం ఏంటి గురూ

ఎర్త్_భీమవరం
సంబంధం ఉందని ఎవరన్నారు? రెండూ చూడమన్నాను.

సౌండ్_రావులపాలెం
మాస్టారూ, మీరు గోడలో వైరు వేసిన వాడిదే తప్పని తేల్చేశారు. ఎవరు వేశారో తెలుసా మీకు?

లెక్కల_మాస్టారు
నేను వైరు అన్నాను, వేసిన వాడిని అనలేదు. మీకెందుకంత ఉలుకు? ఎవరికి తెర పోయినా ఆంప్ మార్చమనడం, ఎవరి మాట సన్నగా వినబడినా స్పీకర్లు మార్చమనడం. ఈ వేదికలో మీ పాత జవాబులన్నీ ఉన్నాయి, ఎవరైనా చదువుకోవచ్చు.

సౌండ్_రావులపాలెం
చదువుకోండి. నేను చేసిన ఇళ్లు కూడా చూసుకోండి. గోడలో పైపు వేద్దామండీ, రేపు వైరు మార్చాల్సొస్తే లాక్కోవచ్చంటే, అప్పటికే పుట్టీ అయిపోయింది, గాడి కొట్టొద్దంటారు. పైపు డబ్బులు దండగంటారు. వైరు దగ్గర బేరం ఆడి ఇంకో రెండొందలు తగ్గించమంటారు. ఐదేళ్ల తర్వాత కొత్త బాక్సు కొనుక్కుని, అప్పటికి లేని 4కె రావట్లేదని ఫోను. వచ్చి చూస్తే కాఫీ ఇస్తారు గానీ విజిటింగ్ చార్జీ మాటెత్తితే మొహం మారిపోతుంది. నేను రోజూ పడే బాధ ఇది. వైరుదే తప్పంటే గోడ ఎవరు పగలగొడతారు? మళ్లీ రంగు ఎవరు వేయిస్తారు? అందుకే ఆంప్ అంటాం. అలా అనకపోతే మా జేబులోంచి పోతుంది!

గోదారి_గట్టు (రాజోలు)
ఆయ్, ఇప్పుడు అసలు మాట వచ్చిందండీ.

లెక్కల_మాస్టారు
మీ కష్టం నేను కాదనను. కానీ గోడ పగలగొట్టలేక చక్కగా పనిచేసే ఆంప్‌ని చెత్తలో వేయమనడం న్యాయమా? కొత్త ఆంప్ కొన్నాక కూడా తెర పోతే అప్పుడు ఏం చెప్తారు, టీవీ మార్చమనా?

లంక_కొబ్బరి
దయచేసి గొడవ పడకండి. మొదటి పోస్టులో చెప్పాల్సింది ఒకటుంది. వైరు వేసింది, ఇప్పుడు ఆంప్ మార్చమంటున్నది ఒకే షాపు. గోడలో పైపు లేదు. ఇల్లు కట్టినప్పుడు పైపు గురించి మమ్మల్ని ఎవరూ అడగలేదు. చెల్లి పెళ్లికి ఈమధ్యే రంగులు వేయించాం, గోడ మాటెత్తితే నాన్నగారు ఊరుకోరు.

మాస్టారు గారు చెప్పినట్టు 1080లో పెట్టాను. సినిమా మొత్తం అయిపోయింది, ఒక్కసారి కూడా పోలేదు. మళ్లీ 4కె 60 పెడితే పాట అయ్యేలోపే పోయింది. లేసు గారూ, తెర పోయినా మాట పోవట్లేదండీ, డైలాగు వినబడుతూనే ఉంది.

నరసాపురం_లేసు
అందుకే అడిగాను. మాట వస్తోందంటే బాక్సు నుంచి ఆంప్ దాకా దారి బాగానే ఉందని. ఆంప్ నుంచి టీవీ దాకానే గండి.

సౌండ్_రావులపాలెం
సరే, వైరే అనుకుందాం. ఆప్టికల్ హెచ్‌డీఎంఐ వైరు వేయాలి. దానికి ఒక కొస సోర్స్‌కి (అంటే బొమ్మ పంపే ఆంప్ వైపు), రెండోది టీవీకి అని రాసి ఉంటుంది, తిరగేస్తే పనిచేయదు. పైపు లేని గోడలో ఎక్కడినుంచి లాగుతారు? సీలింగ్ అంచున పట్టీ వేసుకోవాలి. షాపు వాడి మీద మాత్రం కేసు పెట్టకండి. ఆ రోజుకి ఆ వైరు సరైనదే.

లెక్కల_మాస్టారు
కేసు మాట ఎవరెత్తారు? పైపు లేకుండా వేస్తే రేపు మార్చలేరని ఆ రోజే ఒక మాట చెప్పాల్సింది.

సౌండ్_రావులపాలెం
చెప్పే ఉంటారు. ఇంటి వాళ్లు విని ఉండరు.

లంక_కొబ్బరి
చెప్పలేదండీ. నేను అక్కడే ఉన్నాను.

నరసాపురం_లేసు
గోడ ముట్టుకోకుండా ఒక దారి ఉంది. బాక్సుని టీవీ వెనకే తగిలించి నేరుగా టీవీకి పెట్టండి. పాత వైరులో బొమ్మ బదులు టీవీ నుంచి ఆంప్‌కి శబ్దం వెనక్కి పంపండి, ఏఆర్‌సీ అంటారు. శబ్దానికి పెద్ద దారి అక్కర్లేదు, మీ పది మీటర్ల వైరు దానికి చాలు.

సౌండ్_రావులపాలెం
అలా చేస్తే ఆంప్ కొన్నది దేనికి? బ్లూరే డిస్కుల్లో ఉండే కుదింపు లేని శబ్దం మామూలు ఏఆర్‌సీలో రాదు. దానికి 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన ఈఏఆర్‌సీ కావాలి, ఆయన ఆంప్‌లో అది లేదు. అన్నీ ఆంప్‌లోకి రావాలి, ఆంప్ నుంచి టీవీకి ఒక్క వైరు వెళ్లాలి. నేను ఎప్పుడూ అలాగే కడతాను.

లెక్కల_మాస్టారు
ఆయన ఇంట్లో బ్లూరే ప్లేయరే లేదు. స్ట్రీమింగ్‌లో వచ్చేది ఎలాగూ కుదించిన శబ్దమే, 5.1 ఏఆర్‌సీలో నిక్షేపంగా వస్తుంది. మీరు కట్టాలనుకున్న హాలు కోసం ఆయన హాలు పగలగొట్టకండి.

ఎర్త్_భీమవరం
బాక్సు టీవీ వెనక పెట్టినా కేబుల్ వైరు ఆంప్ దగ్గరే ఉంటుంది కదా. పిడుగు పడితే ఆ హెచ్‌డీఎంఐలోంచే టీవీకి వస్తుంది. ఉరిమినప్పుడు అది కూడా పీకేయండి.

లంక_కొబ్బరి
పీకేస్తానండీ. ఆదివారం బాక్సు టీవీ వెనకకి మారుస్తాను. ఆంప్ మార్చను. షాపు వాళ్లని పట్టీ కట్టి కొత్త వైరు వేయమని అడుగుతాను. వైరు ఖర్చు నాది, కూలీ వాళ్లది. ఒప్పుకుంటారేమో చూడాలి.

సౌండ్_రావులపాలెం
నేనైతే ఒప్పుకోను.

లెక్కల_మాస్టారు
లంక_కొబ్బరి గారూ, గోడ వైరుని టీవీలో ఏఆర్‌సీ అని రాసి ఉన్న పోర్టులోనే పెట్టండి. టీవీలోనూ ఆంప్‌లోనూ సీఈసీ (హెచ్‌డీఎంఐ వైరులోంచి ఒకదాన్నొకటి నడిపించుకునే సెట్టింగ్), ఏఆర్‌సీ రెండూ ఆన్ చేయాలి. వేరే పోర్టులో పెట్టి మాట రావట్లేదని ఇక్కడికొస్తే సౌండ్ గారు మళ్లీ ఆంప్ అమ్మేస్తారు.