పుణెకు వలస వెళ్తే రేషన్, అంగన్‌వాడీ ఆహారం సంగతేమిటి?

ప్రశ్న (మక్తల్ ప్రాంతం నుంచి): మా తమ్ముడి కుటుంబం దసరా దాటగానే పుణెలో భవన నిర్మాణ పనికి వెళ్లాలని మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుంది. రేషన్ కార్డులో అమ్మ, తమ్ముడు, మరదలు, మూడో తరగతి చదివే బాబు, రెండేళ్ల పాప ఉన్నారు. మరదలికి ఇప్పుడు ఐదో నెల. అమ్మ ఊళ్లోనే ఉంటుంది కానీ, ఏళ్ల తరబడి పత్తి ఏరి వేళ్లు అరిగిపోవడంతో మిషన్ మీద ఆమె వేలిముద్ర పడటం లేదు. ఇన్నాళ్లూ తమ్ముడు వేలు పెట్టి బియ్యం తెచ్చేవాడు. వాళ్లు వెళ్లిపోతే ఇక్కడ అమ్మకు, అక్కడ వాళ్లకు తిండిగింజలు అందే మార్గం ఏదైనా ఉందా?

జవాబు 1: ముందు అమ్మగారి సంగతి చూడండి. వేలిముద్ర పడకపోతే ఐరిస్ యంత్రంతో కన్ను చూపించి తీసుకోవచ్చు. తమ్ముడు ఊళ్లో ఉండగానే ఒకసారి ఆమెను దుకాణానికి తీసుకువెళ్లి సరిచూడండి. అదీ కుదరకపోతే ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు, కనుపాపలు మళ్లీ నమోదు చేయించండి. ఆధార్ ధ్రువీకరణ విఫలమైందన్న ఒక్క కారణంతో అర్హులకు రేషన్ నిరాకరించకూడదని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకు సూచించింది కాబట్టి, డీలర్ తిప్పి పంపితే ఊరుకోకుండా 1967 నంబరుకు ఫోన్ చేయండి.

ఇక పుణె విషయం. ‘ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు’ కింద ఇతర రాష్ట్రాల్లోనూ రేషన్ తీసుకోవచ్చని అందరూ చెబుతారు గాని, అది 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం పరిధిలోని కార్డులకే వర్తిస్తుందన్న మాట చాలామందికి తెలియదు. మన దగ్గర రాష్ట్రం సొంత ఖర్చుతో ఇచ్చిన కార్డులు కూడా ఉన్నాయి. చూడటానికి తేడా తెలియకపోయినా అవి రాష్ట్రం దాటితే చెల్లవు. మీది ఏ రకమో బస్సెక్కక ముందే తహసీల్దార్ కార్యాలయంలో పౌర సరఫరాల ఉప తహసీల్దారును అడిగి తెలుసుకోండి.

కేంద్ర కార్డే అయితే అక్కడ మనిషికి నెలకు 5 కిలోలు ఉచితంగా వస్తాయి, వాటిలో గోధుమలు కూడా ఉండవచ్చు. ఇక్కడ రాష్ట్రం కలిపే ఆరో కిలో, 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టిన సన్నబియ్యం అక్కడ దొరకవు. ఒకే నెలలో కొంత అక్కడ, కొంత ఇక్కడ తీసుకునే వీలుంది. అయితే అమ్మ ఇక్కడ ఐదుగురి బియ్యం, అంటే 30 కిలోలూ తీసేసుకుంటే ఆ నెల తమ్ముడికి అక్కడ ఏమీ రాదు కాబట్టి, ఎవరి వాటా ఎక్కడ తీసుకోవాలో ముందే మాట్లాడుకోండి.

జవాబు 2 (దేవరకొండ వైపు, అంగన్‌వాడీ టీచర్): బియ్యం సంగతి వారు చక్కగా చెప్పారు, నాకు మీ మరదలి గురించే ఆలోచనగా ఉంది. 2015 నుంచి నడుస్తున్న ఆరోగ్య లక్ష్మిలో గర్భిణులకు, ప్రసవమైన ఆరు నెలల దాకా బాలింతలకు కేంద్రంలోనే అన్నం, పప్పు, ఆకుకూర లేదా కూరగాయ, ఉడికించిన గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెడతాం. ఇంటికి పట్టుకుపోతే ఆ గుడ్డు పెద్దపిల్లవాడి కంచంలోకి చేరుతుందని మాకు తెలుసు. అందుకే మా ఆయమ్మ గుడ్డు ఒలిచి చేతికిచ్చి, పాల గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చుంటుంది. ఆ పూట భోజనం పుణెకు బదిలీ కాదు. అక్కడి అంగన్‌వాడీలో పేరు రాయించుకుంటే వాళ్ల పద్ధతిలో ఇంటికిచ్చే పోషకాహారం దొరకవచ్చు గాని, పని చోటుకు కేంద్రం ఎంత దూరమో, భాష రాని మనిషి ఎన్ని రోజులు తిరగగలదో మీరే ఆలోచించండి. నా మట్టుకు నేను ఆమెను, పాపను ఊళ్లోనే ఉంచమంటాను. పుట్టింటికి వెళ్లినా మాతా శిశు సంరక్షణ కార్డు చూపి ఆ ఊరి కేంద్రంలో చేరవచ్చు. పాపకు మూడేళ్లు నిండేదాకా నెలకు రెండున్నర కిలోల బాలామృతం, 16 గుడ్లు వస్తాయి.

బాబుకు బడిలో మధ్యాహ్న భోజనం ఎలాగూ ఉంది. వలస వెళ్లేవారి పిల్లల కోసం దగ్గర్లో సీజనల్ హాస్టల్ ఏదైనా నడుస్తున్నదేమో ప్రధానోపాధ్యాయులను అడగండి.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ ధన్యవాదాలు. ఈ ఉదయం అమ్మను దుకాణానికి తీసుకువెళ్లాను. మొదటిసారి కన్ను కూడా పట్టలేదు, ముఖం కడుక్కుని వచ్చి నీడలో నిలబడ్డాక పట్టింది. మరదలు ఆగిపోతే మేస్త్రీ జంట కూలికిచ్చిన అడ్వాన్సులో సగం తిరిగి ఇమ్మంటున్నాడు, దాని గురించి తమ్ముడు రేపు మాట్లాడతాడు.

జవాబు 2: మాట్లాడే లోపు ఆమె పేరు మీ ఊరి కేంద్రం రిజిస్టరులో ఉందో లేదో చూడండి. ఐదో నెల వచ్చినా నమోదు కానివారు మా దగ్గర ప్రతి ఏడాదీ కనిపిస్తుంటారు.