అంచెల మీద వెళ్లేది ఉత్తరమా, ఉత్తర్వా?

కన్ఫ్యూషియస్ పేరుతో తిరిగే సూక్తుల్లో చాలావాటికి మూలం దొరకదు. సుగుణం ఎంత వేగంగా పాకుతుందో చెప్పే ఈ మాటకి దొరుకుతుంది. కన్ఫ్యూషియస్ బాటలో నడిచిన తర్వాతి తాత్వికుడు మెన్షియస్ గ్రంథంలో, ‘గోంగ్‌సున్ చౌ’ అధ్యాయంలో, కన్ఫ్యూషియస్ అన్న మాటగా ఉంది. ఇప్పటి ఉచ్చారణలో: “ద జి ల్యూషింగ్, సు యూ జి యౌ అర్ ఛ్వాన్ మింగ్”. సుగుణం పాకే వేగం, జి-యౌల, అంటే కబుర్లు మోసే మజిలీల, మీద ఆజ్ఞ వెళ్లే వేగాన్ని మించుతుందని.

తెలుగులో దీన్ని “తపాలా కంటే వేగంగా” అని రాస్తే చదివేవాడికి ఎర్ర డబ్బా, పోస్ట్‌మ్యాన్ గుర్తొస్తాయి. నా ఓటు ‘అంచె’కి. దారిలో మనుషులో గుర్రాలో మారే మజిలీకి మనకున్న పాత మాట అదే.

‘యౌ’ అసలు అర్థం కూడా మజిలీయే. క్రీ.శ. 100 ప్రాంతంలో షూ షెన్ కూర్చిన నిఘంటువు దానికిచ్చిన అర్థం “సరిహద్దులో, రాతలు మోసేవారి బస”. అక్షరాన్ని విడదీస్తే ఒక పక్క ఊరు, ఇంకో పక్క అంచు. (అంచు, అంచె ఒకేలా వినిపిస్తున్నాయని చుట్టరికం కలపకండి, దయచేసి.) నేటి చైనాలో పోస్టాఫీసుకీ, స్టాంపుకీ వాడేది ఈ అక్షరమే, కుదించిన రూపంలో.

వ్యాఖ్య: అంత పాతకాలంలో జనం ఉత్తరాలు రాసుకునేవారా అండీ?

జవాబు: రాసుకునేవారు, కానీ అంచెలు వాళ్ల కోసం కాదు. వాక్యంలో చివరి మాట ‘మింగ్’ చూడండి, ఆజ్ఞ. 1975లో హుబెయ్‌లోని షుయ్‌హూదీ దగ్గర ఒక చిన్న అధికారి సమాధిలో ఛిన్ కాలపు (క్రీ.పూ. మూడో శతాబ్దం) వెదురు పలకలు దొరికాయి. వాటిలో రాతల రవాణాకి వేరే చట్టమే ఉంది. ‘అర్జెంటు’ అని రాసినది వెంటనే కదలాలి. కానిది కూడా ఆ రోజు దాటకూడదు, అట్టిపెట్టుకున్నవాడికి శిక్ష. బయల్దేరిన, చేరిన తేదీ, పొద్దునా సాయంత్రమా అన్నది కూడా రాసి తీరాలి. ముసలివాళ్లకీ, నమ్మకం లేనివాళ్లకీ ఆ పని అప్పగించకూడదు. ఛిన్ తర్వాత వచ్చిన హాన్ వంశం వాళ్ల క్రీ.పూ. 186 నాటి చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. సాధారణంగా పది ‘లీ’లకి ఒక యౌ, అంటే నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. రాత్రీ పగలూ కలిపి రెండు వందల లీలు నడవాలి. సగం రోజు ఆలస్యమైతే 50 దెబ్బలు, ఒక రోజు వరకు 100, అది దాటితే బంగారం రూపంలో జరిమానా. అంచె అన్నది రాజ్యం తన కోసం కట్టుకున్న యంత్రం.

జనం ఉత్తరాల సంగతీ షుయ్‌హూదీలోనే తేలింది. క్రీ.పూ. 223 ప్రాంతంలో ఛిన్ సైన్యంలో ఉన్న హెయ్‌ఫూ, జింగ్ అనే అన్నదమ్ములు చెక్క పలకల మీద ఇంటికి రాశారు. మన ఊళ్లో బట్ట చవగ్గా ఉంటే కుట్టించి పంపమ్మా, ప్రియమైతే డబ్బే పంపు, ఇక్కడే కొనుక్కుంటా అంటాడు హెయ్‌ఫూ. జింగ్‌కి డబ్బు అందకపోతే చావే గతి అట. చివర “అర్జెంటు, అర్జెంటు, అర్జెంటు” అని మూడుసార్లు రాశాడు పాపం. రాజుగారి కాగితం మీదైతే ఆ మాట ఒక్కసారి చాలేది.

వ్యాఖ్య: నాకొక అనుమానం. వేగమే చెప్పాలంటే కొండల మీద పెట్టే నిప్పు ఉందిగా? గుర్రం కంటే అదే వేగం. పోలికకి దాన్నెందుకు తీసుకోలేదు?

జవాబు: మంచి ప్రశ్న. నాకు తోచింది చెబుతాను, గ్రంథంలో లేదు. మంట ముందే ఒప్పుకున్న కబురే చెప్పగలదు. గోబీ అంచున జూయాన్ దగ్గర 1974లో దొరికిన హాన్ పలకల్లో ఆ ఒప్పందమే ఉంది: పగలైతే కర్రకి బుట్టలాంటిది ఎత్తాలి, పొగ పెట్టాలి, రాత్రయితే కాగడాలు, ఎంతమంది శత్రువులకి ఎన్ని ఎత్తాలి, ఎన్ని కట్టెల కుప్పలు తగలబెట్టాలి. పెనుగాలి వీచినా వాన పడినా నిప్పు పనిచేయదు కాబట్టి మనిషిని, గుర్రాన్ని పరుగెత్తించమని అందులోనే రాశారు. మంట “వచ్చారు” అంటుంది. “ఏం చేయాలి” అన్నది అంచె మీదే రావాలి.

అయినా నిప్పుకున్న విలువ వేరు. శియాన్ దగ్గర దొరికిన ఛిన్ కాలపు కంచు పులి బిళ్ల (ఆజ్ఞ నిజమైనదని తేల్చడానికి రెండు సగాలుగా చేసిన గుర్తు) మీద ఇలా ఉంది: 50 మంది, అంతకు మించి సైనికుల్ని కదపాలంటే రాజు దగ్గరి సగంతో ఈ సగం అతకాలి, కానీ మంట లేచిన సందర్భంలో అతక్కపోయినా కదలొచ్చు.

వ్యాఖ్య: రాణి నవ్వుకోసం ఉత్తుత్తి మంటలు పెట్టిన జౌ వంశపు రాజు కథ దీనిదేనా?

జవాబు: యౌ రాజు, బావోస్స కథ. ఆ పేరుకీ మన ‘యౌ’కీ సంబంధం లేదు, అక్షరాలు వేరు. మంటలని చెప్పింది హాన్ కాలపు చరిత్రకారుడు సిమా ఛ్యెన్. అంతకంటే పాతదైన ‘ల్యూ షి వసంత శరత్తులు’లో మోగింది ఢంకా. నాకు ఢంకా కథనమే నమ్మబుద్ధవుతుంది.

వ్యాఖ్య: ‘అంచె’తో చిక్కుంది మాస్టారూ. ఇప్పుడు ‘అంచెలంచెలుగా’ అంటే మెల్లమెల్లగా అనే అర్థం. పోలిక తిరగబడదూ?

జవాబు: ఒప్పుకుంటాను. ‘గుర్రపు అంచె’ అంటే వేగం వస్తుంది గానీ సగం అర్థం పోతుంది: జి గుర్రాల అంచె, యౌ కాలినడక అంచె అని ఒక వ్యాఖ్యానం ఉంది. “అంచెల మీద పరుగెత్తే రాజాజ్ఞ కంటే” అందాం. పరుగు మనిషిదైనా గుర్రానిదైనా పరుగే.