అమలాపురం పాత పోలీసు రికార్డులు ఎక్కడ దొరుకుతాయండి?

నమస్కారమండి. మా తాతగారు మద్రాసు రాష్ట్రం రోజుల్లో అమలాపురంలో కానిస్టేబులుగా చేరి, హెడ్డుగా రిటైరయ్యారు. ఆయన కాలం నాటి ఠాణా చరిత్ర రాద్దామని కూర్చుంటే కాగితాల దగ్గరే బండి ఆగిపోయింది.

1859 చట్టంతో మద్రాసు పోలీసు శాఖ ఏర్పడిందని, 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక మనవాళ్లు విడిపోయారని తెలుసు. అప్పట్లో మాకు జిల్లా కేంద్రం కాకినాడ. 2022 ఏప్రిల్లో కోనసీమ జిల్లా అయ్యాక ఎస్పీ ఆఫీసు మా ఊరికే వచ్చింది. మరి పాత సర్వీసు పుస్తకాలు, స్టేషను డైరీలు కాకినాడలోనే ఉంటాయా, లేక చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో వెతకాలా? ఒక ఆఫీసులో అడిగితే "అవెప్పుడో చెదలు తినేసుంటాయండి" అని నవ్వేశారు!

నాకు అన్నిటికన్నా ఆసక్తి యానాం సంగతి. 1954 దాకా అది ఫ్రెంచివాళ్లది కదా. ఎదుర్లంక రేవులో పడవెక్కి గౌతమి దాటేస్తే వేరే దేశమే. ఇక్కడ నేరం చేసి అవతలికి పారిపోయినవాళ్లను మన పోలీసులు ఎలా రప్పించుకునేవారు? ఉత్తరాలు రాసేవారా, చూసీచూడనట్టు వదిలేసేవారా? మీ ఇళ్లలో పెద్దలెవరైనా చెప్పిన కబుర్లున్నా రాయండి. సమాచార హక్కు దరఖాస్తు పెట్టి ఇలాంటి రికార్డులు సంపాదించినవాళ్లుంటే, ఎవరి పేరున పెట్టాలో కూడా చెప్పండి.