41 ఏళ్ల ఏఎన్‌ఎంకి జీఎన్‌ఎం సీటు ఇస్తారా?

టెక్కలి ఏఎన్‌ఎం:
నమస్కారం. నాకు 41. సబ్‌సెంటర్‌లో కాంట్రాక్ట్ మీద చేస్తున్నాను. టీకాలు, గర్భిణుల చెకప్‌లు, ఇంటింటి సర్వేలు, ఇంతే నా పని. వార్డు పని నేర్చుకుని స్టాఫ్ నర్స్ కావాలని గట్టి కోరిక. దానికి చదవాల్సిన నర్సింగ్ కోర్సు జీఎన్‌ఎంలో 35 దాటితే సీటు రాదంటున్నారు, నిజమేనా? అనాటమీ తలచుకుంటేనే టెన్షన్.

విజయనగరం చెల్లి:
అక్కా, ఆ 35 నిబంధన ఇంటర్ చదివి నేరుగా వచ్చేవాళ్లకి. ఏఎన్‌ఎంలకు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గరిష్ఠ వయసు పెట్టలేదు. మీ రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయిందో లేదో ముందు చూసుకోండి.

స్టాఫ్ నర్స్, విశాఖ:
నేను 38లో చేరానమ్మా. మొదటి ఏడాదే బరువు. కానీ అనాటమీ నీకు మరీ కొత్తేం కాదు. పెంటా (ఐదు జబ్బుల టీకా) సూది పిల్లల తొడ బయటి వైపే ఎందుకు వేస్తాం? అక్కడ పెద్ద కండరం ఉంది, సయాటిక్ నరం దూరం. చేతికి తెలిసిన పని పుస్తకంలో కనబడితే మర్చిపోవడం ఉండదు. నైట్ డ్యూటీలకు మాత్రం ఒళ్లు అలవాటు పడటానికి టైమ్ పట్టింది. మూడేళ్లూ ఫుల్‌టైమ్ కాబట్టి జీతం ఉండదనే లెక్క వేసుకో. నాకైతే ఆ డబ్బు బెంగే చదువుకంటే ఎక్కువ బాధపెట్టింది.

టెక్కలి ఏఎన్‌ఎం:
చాలా థాంక్స్ అండీ. పాప ఇంటర్ ఫీజు ఈ ఏడాదితో అయిపోతుంది. మా ఆయన సరేనన్నారు. రేపే రెన్యువల్ కాగితాలు తీస్తాను.