సమస్యాపూరణం: సున్న వచ్చినంత సుఖము గలిగె

నిర్వాహకుడు (తిరుపతి): ఈ వారం ఆటవెలది. పరీక్షలో సున్న, బ్యాంకులో సున్న పనికిరావు. టీఎల్‌ఎస్ సాకెట్ (రెండు కంప్యూటర్లు గుప్తలిపిలో మాట్లాడుకునే కనెక్షన్) మీద సర్వర్ జవాబు ఎక్కడ అయిపోయిందో కనిపెట్టే సందర్భంలోనే పూరించాలి. మన గుంపులో సగం మంది కోడ్ రాసేవాళ్ళే కదప్పా, తప్పించుకోలేరు.

తోతాపురి (చిత్తూరు):

ముక్క ముక్క చేసి ముందు కొలత చెప్పి
సర్వ రంపుచుండ చాలసేపు
ఎదురు చూచి చూచి యెప్పుడౌనో యంటి
సున్న వచ్చినంత సుఖము గలిగె

నిర్వాహకుడు: యతులు శుభ్రం. చంక్‌డ్ (ముక్కలుగా పంపే) పద్ధతి ఇదే: ప్రతి ముక్కకూ ముందు హెక్స్‌లో (పదహారు అంకెల లెక్కలో) సైజు, ఆఖరున సున్న సైజు ముక్క. సుఖమే కాస్త తొందరపడింది. సున్న తర్వాత ట్రెయిలర్లు (చివర్న వచ్చే అదనపు హెడర్లు, అంటే జవాబు గురించిన వివరాల లైన్లు) ఉండొచ్చు, వాటి వెనక ఖాళీ లైన్ తప్పదు. దాన్ని చదవకుండా వదిలేస్తే, అదే కనెక్షన్‌లో వచ్చే తర్వాతి జవాబు నెత్తిన కూర్చుంటుంది.

కోనేటికట్ట (తిరుపతి):

చదువు చదువు మంటి సాకెట్టు నంతట
వేలు వేలు బైట్లు కురిసిపోయె
అవతలున్న వాడె యాపినాడో యేమొ
సున్న వచ్చినంత సుఖము గలిగె

తోతాపురి: అన్నా, రెండో పాదంలో యతి ఏదీ? 'వే'కి 'కు' కుదరదు. 'వెల్లువయ్యె' అంటే సరి.

నిర్వాహకుడు: యతి దిద్దుకోవచ్చు, భావమే చిక్కు. హెచ్‌టీటీపీ (వెబ్ జవాబుల నియమావళి) 1.1లో కనెక్షన్ మామూలుగా తెరిచే ఉంటుంది. అవతలివాడు మూసేశాడని రీడ్ (సాకెట్ నుంచి చదివే పిలుపు) సున్న ఇచ్చేదాకా ఆగుతానంటే ప్రోగ్రామ్ అక్కడే వేలాడుతుంది. పోనీ, మూసుకుందే అనుకుందాం. టీసీపీ (టీఎల్ఎస్ కింద బైట్లు మోసే పొర) పంపే 'ఇక అయిపోయింది' గుర్తు ఫిన్‌కు ఎన్‌క్రిప్షన్ లేదు, మధ్యలో కూర్చున్నవాడెవడైనా దొంగ ఫిన్ పంపి జవాబును సగంలో తెంపగలడు. టీఎల్ఎస్‌కు ముందుతరమైన ఎస్సెస్సెల్ 2లో ఈ లోపం ఉండేది. 1996లో వచ్చిన 3.0 నుంచి క్లోజ్-నోటిఫై అలర్ట్ ('ఇక మూసేస్తున్నా' అని చెప్పే సందేశం) ఉంది. ఫోన్‌లో 'సరే, పెట్టేస్తా' అని పెట్టేయడం వేరు, ఘాట్ రోడ్డులో సిగ్నల్ పోయి కట్టవడం వేరు. మీ పద్యంలో ఆ 'యేమొ' దగ్గరే తేడా తెలియకుండా పోయింది.

కోనేటికట్ట: నా కోడ్‌లోనూ అదే 'యేమొ' ఉంది సార్.

మామిడితోపు (చిత్తూరు):

మొదట చెప్పినట్టి మొత్తంబులో నుండి
వచ్చినన్ని బైట్లు వరుస తీసి
మిగులు నెంత యనుచు మెల్లగా లెక్కింప
సున్న వచ్చినంత సుఖము గలిగె

నిర్వాహకుడు: నాకు ఇదే నచ్చింది. కంటెంట్-లెంగ్త్ (జవాబులో అసలు విషయం ఎన్ని బైట్లో ముందే చెప్పే హెడర్) అన్న మాట లేకుండానే కంటెంట్-లెంగ్త్ చెప్పేశారు. 'బైట్లు' అనడం మరీ బాగుంది. అక్షరాలు లెక్కపెట్టే అలవాటు మనకు ఎక్కువ. 'తిరుపతి' అన్న నాలుగు అక్షరాలు యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి)లో 21 బైట్లు. హెడర్లను మాత్రం ఇందులో కలపకూడదు, లెక్క బాడీకే (అసలు విషయానికే).

తోతాపురి: మరి మీ పూరణ?

నిర్వాహకుడు:

వెళ్ళుచుంటి నంచు వీడుకోలు పలికి
సర్వ రాగిపోయె సాఫుగాను
తెగిన తీగ గాదు తెలిసియే యాగెను
సున్న వచ్చినంత సుఖము గలిగె

మామిడితోపు: పద్యం బాగుంది గానీ, ఆ వీడుకోలు పలకని సర్వర్లు బోలెడున్నాయి సార్. టీఎల్ఎస్ లైబ్రరీ ఓపెన్ఎస్సెస్సెల్ 3.0 వచ్చాక ఆ మౌనాన్ని ఎర్రర్‌గా చూపిస్తోంది, పాత ప్రోగ్రామ్‌లు గోల పెట్టాయి. లెంగ్త్ సరిపోయిందా లేదా చూడకుండా వీడుకోలు ఒక్కటే నమ్ముకుంటే పని జరగదు.

నిర్వాహకుడు: ఒప్పుకున్నా. అందుకే మొదటి స్థానం మీది. వచ్చే వారం పాదం కూడా మీ పూరణలోంచే: 'మొదటి మాట చెప్పె ముగియు చోటు'. ఈసారి సాకెట్లు వద్దు.