వైబ్రేషన్‌కి అదురా, వణుకా, కంపనమా?

అందరికీ నమస్కారమండీ. పిల్లల కోసం జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్ గురించి రాస్తూ ఒక్క మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోయా. అందులో మిరి అనే పరికరాన్ని 7 కెల్విన్ కన్నా కిందకి, అంటే మైనస్ 266 డిగ్రీల దాకా చల్లబరచాలి, లేదంటే అది చూడాల్సిన సన్నటి వేడి కాస్తా దాని సొంత వేడిలో కలిసిపోతుంది. ఐదు పొరల ఎండ తెర చాలక హీలియం గ్యాస్‌తో నడిచే కూలర్ పెట్టారు. అందులో పిస్టన్లుంటాయి, పిస్టన్ ఆడితే వైబ్రేషన్ తప్పదు, టెలిస్కోప్ కాస్త కదిలినా బొమ్మ చెదిరిపోతుంది. "కంపనరహిత అతిశీతలీకరణ" అని రాస్తే మా అమ్మాయి అక్కడే చదవడం ఆపేసింది. ఏమనాలి?

అదురు అనండి సార్. మోటారు వేస్తే గోడ అదురుతుంది, బస్సు స్టార్ట్ చేస్తే కిటికీ అద్దాలు అదురుతాయి, వణికాయి అని ఎవరూ అనరు కదా. వణుకు ఒంటిది, చలికో జ్వరానికో భయానికో వస్తుంది. పైగా మీరు రాసేదే చల్లదనం గురించి, అక్కడ వణుకు లేదంటే టెలిస్కోప్‌కి చలెయ్యట్లేదేమో అనుకుంటారు పిల్లలు. కంపనం తప్పేం కాదు, సెకనుకి ఎన్నిసార్లు అని లెక్క కట్టేచోట అదే ఉండాలి. అతిశీతలీకరణకి మాత్రం క్రయోజెనిక్ అనే ఉంచండి, జీఎస్ఎల్‌వీ రాకెట్ వార్తలతో అందరికీ అలవాటైన మాటే.

అదురుకే నా ఓటు కూడా, కానీ వెబ్ కూలర్‌ని "అదురు లేని" అనకండి. అక్కడ రెండు పిస్టన్లని ఎదురెదురుగా పెట్టి ఒకదాని తోపుని రెండోది కొట్టేసేలా చేశారు, అంటే అదురు పుడుతోంది, దాన్ని అణుస్తున్నారు. నిజంగా అదురు లేనిది 2009లో వెళ్ళిన ప్లాంక్ అనే అంతరిక్ష టెలిస్కోప్‌లో 20 కెల్విన్ దాకా చల్లబరిచే కూలర్. అందులో పిస్టనే లేదు. ఒక లోహ మిశ్రమం చల్లగా ఉన్నప్పుడు హైడ్రోజన్ని పీల్చుకుంటుంది, వేడి చేస్తే గట్టి ఒత్తిడితో వదిలేస్తుంది, ఆ గ్యాస్ సన్నటి దారి దాటి ఒక్కసారిగా విచ్చుకుని చల్లబడుతుంది. రెండిటికీ ఒకే మాట వాడితే అసలు తేడానే పోతుంది, నాకు అది బాధ.

అవునండీ, ఆ తేడా నేను గమనించలేదు. వెబ్‌కి "అదురు అణిచిన కూలర్", ప్లాంక్‌కి "అదురు లేని కూలర్" అని మార్చేశా. మా అమ్మాయి ఈసారి చివరిదాకా చదివి, లోహం గ్యాస్‌ని ఎలా పీలుస్తుంది అని అడుగుతోంది.